కొలత టేపు కానిస్టేబుల్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

కానిస్టేబుల్ సెలక్షన్లు జరిగే గ్రౌండ్‌కు మీరెప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోయినా మీ గూడెంలో ఎవరో ఒక తమ్ముడు వెళ్లొచ్చి చెప్పే ఉంటాడు. తెల్లవారకముందే లైన్లో నిలబెడతారు. చెప్పులు విప్పించి ఎత్తు చూస్తారు. ఛాతీ చుట్టూ టేపు తిప్పి ఊపిరి పీల్చమంటారు. కేంద్ర సాయుధ బలగాల్లో జనరల్ డ్యూటీ కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు 170 సెంటీమీటర్లు ఉండాలి. ఎస్టీలకు 162.5 చాలు. నక్సల్ ప్రభావిత జిల్లాల ఎస్టీలైతే 160 ఉన్నా తీసుకుంటారు. ఛాతీ మామూలుగా 80, మనకు 76. అయిదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. ఆ ఒక్కదాంట్లో మనవాళ్లకు సడలింపు లేదు, అవసరమూ లేదు లెండి.

సెంటీమీటర్లో సగం దాకా లెక్కపెట్టే వ్యవస్థ ఇది. మంచిదే. కానీ ఆ కుర్రాడి చేతికి తుపాకీ ఇచ్చి, ఏ రాత్రి ఏ ఊరి మీదికి వెళ్లాలో చెప్పే పెద్దసారును ఏ టేపుతో కొలుస్తున్నారు? ఊరివాళ్లు చనిపోయాక, వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని జడ్జిగారు రాసిచ్చాక, ఆ సారుకు ఏ పరీక్ష పెట్టారు? నేను ఇక్కడ అడగదలచుకున్నది అంతే.

ముందు ఒక సంగతి చెప్పాలి. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, దంతెవాడ, సుక్మా జిల్లాల లోతట్టు గ్రామాల నుంచి 400 మంది ఆదివాసీ యువతను సీఆర్పీఎఫ్‌లో కానిస్టేబుళ్లుగా తీసుకోవడానికి చదువు అర్హతను పదో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి తగ్గించింది. చేరాక ప్రొబేషన్ కాలంలో పది పాసవ్వాలి, అప్పుడే ఉద్యోగం ఖాయం. పుస్తకాలూ కోచింగూ బలగమే చూసుకుంటుంది. దీనికంటే ముందే, 2017లో, బస్తర్ యువతతో 241వ బెటాలియన్ పెట్టారు. బస్తరియా బెటాలియన్ అంటారు. ఎత్తులో, బరువులో సడలింపులిచ్చారు. 2018 మేలో అంబికాపూర్‌లో శిక్షణ ముగించుకుని బయటికొచ్చిన 534 మందిలో 189 మంది ఆడపిల్లలు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "బలగాల్లో ప్రమాణాలు పడిపోతున్నాయి" అని వాపోయేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. నేనా పాట పాడను. 160 సెంటీమీటర్లున్నవాడు కొండ ఎక్కలేడా? గుమ్లా జిల్లా జారి గ్రామంలో పుట్టిన ఉరావ్ ఆదివాసీ ఆల్బర్ట్ ఎక్కా 1971 డిసెంబరులో గంగాసాగర్ దగ్గర శత్రువుల మెషిన్‌గన్ల మీదికి వెళ్లి ప్రాణమిచ్చాడు. పరమవీర చక్ర ఆయనది. ఆదివాసీ ధైర్యానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు.

ఇక చదువు మాట. బీజాపూర్ లోపలి ఊళ్లో ఒక పిల్లాడు ఎనిమిదితోనే ఎందుకు ఆగిపోయాడు? సల్వాజుడుం రోజుల్లో బళ్లు మూతపడ్డాయి. కొన్నిటిని మావోయిస్టులు పేల్చేశారు, కొన్నిట్లో బలగాలు మకాం పెట్టాయి. బళ్లు ఖాళీ చెయ్యండని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బడి లేకుండా చేసినవాళ్లే, నీకు బడి చదువు లేదు కాబట్టి దయతో సడలిస్తున్నాం అంటుంటే ఏమనాలి? సడలింపు తప్పని నేననడం లేదు. ఆ సడలింపును ఉపకారంగా అమ్మడం తప్పు.

అసలు ఈ కొలతలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. పాలించేవాడికి ఎప్పుడు ఎవరు అవసరమైతే అప్పుడు వాళ్లు వీరులవుతారు. తెలుగువాళ్ల కథే చూడండి. ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాస్ సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయి అనే మాటకు బదులు 'తిలంగా' అనేవారు. తర్వాత లార్డ్ రాబర్ట్స్ వంటి సైన్యాధిపతులు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకున్నారు. దక్షిణాదివాళ్లు మెత్తబడిపోయారు, పంజాబీలూ గూర్ఖాలే నికరమైన సైనికులు అన్నారు. 19వ శతాబ్దం చివరికి తెలుగువాళ్లను పక్కకు నెట్టేశారు. సిపాయికి పేరిచ్చిన జాతి పనికిరాని జాతి అయిపోయింది! ఇంతలో వాళ్ల ఎముకలేమైనా మారాయా? మారింది దొర అవసరం.

మన మన్యంలోనూ అదే జరిగింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్లు నిలబడ్డప్పుడు మామూలు పోలీసులు చాల్లేదు. ముందు మలబార్ స్పెషల్ పోలీసును దించారు. అదీ చాలక 1924లో ఎక్కడో ఈశాన్య కొండల నుంచి అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. కొండవాడి అడుగుజాడ కొండవాడికే తెలుస్తుందన్న లెక్క అది. ఆ లెక్క ఇప్పటికీ ఎవరూ కొట్టెయ్యలేదు.

ఇప్పుడు బస్తర్ లోపలికి వెళ్దాం. పోలవరం, చింతూరు, చర్ల, వెంకటాపురం వైపు ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇవాళ భద్రాద్రి, ములుగు, అల్లూరి జిల్లాల అడవుల్లో గుడిసెలేసుకుని, కులపత్రమూ రేషన్ కార్డూ లేక అల్లాడుతున్న వలస గొత్తికోయలను అడగండి, 2005లో ఏం మొదలైందో చెబుతారు. ఆ జూన్‌లో సల్వాజుడుం పుట్టింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు అడవిలోకి, కొందరు గోదావరి ఇవతలికి. శిబిరాల్లో చేరిన కుర్రాళ్ల నుంచి 'స్పెషల్ పోలీస్ ఆఫీసర్లు' తయారయ్యారు. పేరులో ఆఫీసర్ ఉంది. జీతం మాత్రం నెలకు 3,000 రూపాయల 'గౌరవ వేతనం', అందులో 80 శాతం కేంద్రం ఇచ్చేది. అయిదో తరగతి పాసైతే ప్రాధాన్యం. శిక్షణ రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే తుపాకీ పట్టడం, ఐపీసీ, సీఆర్పీసీ, సాక్ష్య చట్టం, మానవ హక్కులు అన్నీ నేర్పామని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చింది. లా కాలేజీలో ఏళ్ల తరబడి చదివినా అంతుపట్టని చట్టాలు అయిదో తరగతి పిల్లాడికి అరవై రోజుల్లో వచ్చేశాయట!

2011 నాటికి అలాంటివాళ్లు 6,500 మంది. అప్పటికి 173 మంది ఎస్పీఓలు చనిపోయారని ప్రభుత్వమే చెప్పుకుంది. విధుల్లో తప్పు చేశారని 1,200 మందిని తీసేశామనీ చెప్పుకుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. చచ్చిపోయినవాళ్లు కిందివాళ్లు, ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు కిందివాళ్లు. 1,200 మంది ఉద్యోగం ఊడేంత తప్పులు చేస్తుంటే వాళ్లను నడిపినవాళ్ల సంగతేమిటి? ఇంతమందిని ఇలా తయారు చేసినందుకు ఫలానా అధికారి మీద చర్య తీసుకున్నామన్న అంకె ఏదీ దాని పక్కన లేదు.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు మన పేజీ చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. మళ్లీ చదవండి. ఎస్పీఓలను మావోయిస్టు వ్యతిరేక చర్యల్లో వాడటం రాజ్యాంగ విరుద్ధమని, సమానత్వ హక్కుకూ జీవించే హక్కుకూ భంగమని చెప్పింది. వాళ్ల చేతుల్లోంచి ఆయుధాలు వెనక్కి తీసుకోమంది. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది వేరే ఉంది. ఈ యువకుల్లో చాలామంది హింసలో తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, వాళ్ల కసి మాకు ఉపయోగపడుతుంది అన్నట్టుగా ప్రభుత్వం వాదించింది. కోర్టు దాన్ని పట్టుకుని నిలదీసింది. గాయపడ్డ మనిషికి రాజ్యం చెయ్యాల్సింది వైద్యమూ న్యాయమూ కదా, అతని కసికి తుపాకీ తొడగడమేమిటి అన్నది దాని సారాంశం. ఒక సైన్యాన్ని మూకతో వేరు చేసేది ఇదే. కసిని అదుపులో పెట్టేవాడు నాయకుడు. ఇక్కడ కసినే అర్హతగా పెట్టి భర్తీ చేశారు.

ఆ జడ్జిగారే 2025లో ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేస్తే, ఈ తీర్పును చూపించి కేంద్ర హోంమంత్రి ఆయన్ను నక్సలిజానికి సాయపడ్డవాడిగా నిందించారు. దాన్నిబట్టి తీర్పు ఎవరికి ఎంత గట్టిగా తగిలిందో తెలుస్తుంది.

మరి తీర్పు తర్వాత ఏమైంది? అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు బలగం చట్టం చేసింది, తీర్పు వచ్చిన తేదీ నుంచే అమల్లోకి వచ్చినట్టు రాసుకుంది. నిన్నటి ఎస్పీఓ ఇవాళ సహాయక పోలీసు. మనిషి అతనే, తుపాకీ అదే, అడవి అదే. తర్వాత జిల్లా రిజర్వు గార్డు, అంటే డీఆర్జీ, జిల్లా జిల్లాకూ పెరిగింది. పాత ఎస్పీఓలు, లొంగిపోయిన మావోయిస్టులు, స్థానిక యువత అందులో చేరారు. దంతేశ్వరి ఫైటర్స్, బస్తర్ ఫైటర్స్ వచ్చాయి. జీతాలు పెరిగాయి, శిక్షణ పెరిగింది, ఒప్పుకుంటాను. 3,000 గౌరవ వేతనం రోజులతో పోలిస్తే తేడా ఉంది. ముందు నడిచేది ఎవరన్న విషయంలో మాత్రం తేడా రాలేదు.

2021 ఏప్రిల్ 3న టేకులగూడెం దగ్గర 22 మంది చనిపోయారు. అందులో డీఆర్జీ 8 మంది, ఎస్టీఎఫ్ 6 మంది, కోబ్రా 7 మంది, బస్తరియా బెటాలియన్ నుంచి ఒకరు. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి 10 మంది డీఆర్జీ జవాన్లు, బండి తోలే డ్రైవరు ముక్కలైపోయారు. తనిఖీ కాని రోడ్డు మీద బండ్లలో వెళ్లకూడదన్నది బస్తర్‌లో అందరికీ తెలిసిన నిబంధన. అది పాటించలేదని అప్పుడే పత్రికలు రాశాయి. 2025 జనవరి 6న కుట్రు దగ్గర మళ్లీ అదే. 8 మంది జవాన్లు, ఒక డ్రైవరు. ఆ ఎనిమిది మందిలో అయిదుగురు ఒకప్పుడు మావోయిస్టులుగా ఉండి లొంగిపోయినవాళ్లని పోలీసు అధికారులే చెప్పారు. లొంగిపోయిన మనిషికి మనం చెప్పిందేమిటి? తుపాకీ వదిలెయ్, మామూలు బతుకు బతుకు అని కదా? మరో తుపాకీ ఇచ్చి అదే అడవిలోకి మొదటి వరసలో పంపించాం. 'పునరావాసం' అనే మాటకు ఇంత అర్థముందని నాకు తెలీదు.

శవపేటికల మీద జెండా కప్పుతారు, మంత్రులు భుజం పడతారు. ఆ గౌరవం నాకు చిన్నదని కాదు. ఆ రోజు ఆ రోడ్డు మీద ఆ బండి ఎక్కమన్నది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఆ పేటికతోపాటే వెళ్లిపోతుంది.

ఇప్పుడు అటువైపు చనిపోయినవాళ్ల గురించి. 2012 జూన్ 28 రాత్రి సార్కెగూడలో సీఆర్పీఎఫ్, రాష్ట్ర పోలీసుల కాల్పుల్లో 17 మంది ఆదివాసీలు చనిపోయారు. మైనర్లూ ఉన్నారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నామని ఊరివాళ్లు మొదటి నుంచీ చెప్పారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని బలగాలు చెప్పాయి. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఏడేళ్లు విచారించి, 2019లో బయటికొచ్చిన నివేదికలో, చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారాల్లేవని, ఊరివాళ్ల వైపు నుంచి కాల్పులు జరగలేదని తేల్చింది. జవాన్లకు తగిలిన తూటాలు తోటి జవాన్లవే అయ్యుండాలంది.

2013 మే 17 రాత్రి ఎడెస్మెట్టలో ఊరు బీజ పండుం చేసుకుంటోంది. కోబ్రా బలగం వచ్చింది. పిల్లలతో సహా 8 మంది గ్రామస్తులు, ఒక జవాను చనిపోయారు. దాన్నీ అదే జడ్జిగారు విచారించారు. భయపడి, కంగారులో కాల్చి ఉండొచ్చన్నారు. మొత్తం 44 తూటాలు పేలాయి, అందులో 18 చనిపోయిన ఆ ఒక్క జవాను తుపాకీ నుంచే. అతను కూడా తనవాళ్ల తూటాకే పోయి ఉండొచ్చట. బలగాల దగ్గర సరైన సమాచారం లేదు, సరైన పరికరాలు లేవు, అవి ఉంటే ఇది తప్పి ఉండేదేమో అని కూడా ఆ నివేదికలో ఉంది.

ఇక్కడ కాసేపు ఆగండి. అర్ధరాత్రి, తెలియని ఊరు, నిప్పు చుట్టూ మనుషులు, భాష రాని ఒక కుర్రాడు 18 సార్లు ట్రిగ్గర్ నొక్కాడు. అతన్ని రాక్షసుడనాలా? నాకు నోరు రాదు. అతనూ ఏదో ఒక ఊరి గ్రౌండ్‌లో చెప్పులు విప్పి ఎత్తు కొలిపించుకున్నవాడే. కానీ అతన్ని అక్కడికి సరైన సమాచారం లేకుండా పంపినవాడు భయపడలేదు, కంగారు పడలేదు, ఆ రాత్రి అక్కడ లేనే లేడు. పరికరాలు లేవని ముందే తెలిసిన మనిషి, సమాచారం పక్కా కాదని తెలిసిన మనిషి, అయినా 'వెళ్లండి' అన్న మనిషి ఎవరో ఒకరు ఉండి తీరాలి కదా? ఆదేశం దానంతటదే పుట్టదు. కమిషన్ నివేదికలు అసెంబ్లీ ముందుకొచ్చాయి. ఆ 'వెళ్లండి' అన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కథ ఆగిపోయింది.

2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఇళ్లు తగలబెట్టిన కేసు మరీ స్పష్టం. సుప్రీంకోర్టు ఆదేశం మీద సీబీఐ విచారించి 2016లో ఛార్జిషీటు వేస్తే, ఇళ్లు కాల్చిన నేరం కింద ఎక్కిన పేర్లు ఎస్పీఓలవి. అంటే ఆదివాసీలవి. వాళ్లు చేశారా, శిక్ష పడాల్సిందే. అయితే అన్ని ఊళ్లకు, అంతమంది బలగంతో వెళ్లడం ఎస్పీఓలు అనుకుని బయల్దేరిన వనభోజనమా? ఆ ఛార్జిషీటు బయటికొచ్చిన కొద్దిరోజులకే బస్తర్ పట్టణాల్లో యూనిఫాం వేసుకున్న పోలీసులు హక్కుల కార్యకర్తల దిష్టిబొమ్మలు వీధిలో తగలబెట్టారు. చొక్కా గుండీ ఊడితే పనిష్మెంట్ ఇచ్చే శాఖ అది. అందులో కిందివాళ్లు సొంతంగా, పైవాళ్లకు ఇష్టం లేకుండా, ఇంతపని చేశారంటే మీరు నమ్ముతారా?

"అందుకే కదా మేం అనేది, ప్రమాణాలు పెంచాలి, చదువుకున్న, బాగా తర్ఫీదైన బలగాలుంటే ఇలా జరగదు" అంటారు కొందరు మిత్రులు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అయితే మన గ్రేహౌండ్స్ సంగతి చూడండి. 1989లో పెట్టినప్పటి నుంచి దేశమంతా వాళ్ల శిక్షణను మెచ్చుకుంటుంది, మిగతా రాష్ట్రాలు వచ్చి నేర్చుకుని వెళ్తాయి. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు ఆడవాళ్లు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. కేసు విచారణ దాకా రావడానికే సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు 13 మంది నిందితులనూ నిర్దోషులని వదిలేసింది. అదే తీర్పులో, దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు నడిచాక! ఆ ఆడవాళ్లకు ఎదురుగా ఉన్నది తక్కువ ఎత్తు కానిస్టేబులో ఎనిమిదో తరగతి రిక్రూటో కాదు. అత్యుత్తమం అని చెప్పుకునే బలగం. కేసును పాడుచేసినవాళ్లూ చదువురానివాళ్లు కాదు, దర్యాప్తు అధికారులు.

ఇంకా పైకి వెళ్దాం, సైన్యంలోకే. పారా స్పెషల్ ఫోర్సెస్ అంటే ఎంపిక అన్నిటికంటే కఠినం, నూటికి ఎక్కడో కొందరు నెగ్గుతారు. 2021 డిసెంబర్ 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర, బొగ్గు గనిలో పని ముగించుకుని పికప్ వ్యాన్‌లో ఇంటికి వస్తున్న కొన్యాక్ కూలీల మీద 21 పారా దళం కాల్పులు జరిపింది. ఆరుగురు చనిపోయారు. వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లతో గొడవై మరో ఏడుగురు, ఒక సైనికుడు. మర్నాడు మోన్ పట్టణంలో ఇంకొకరు. మొత్తం 14 మంది పౌరులు. పొరపాటున గుర్తుపట్టలేక జరిగిందని పార్లమెంటులో చెప్పారు. నాగాలాండ్ పోలీసుల ప్రత్యేక బృందం ఒక మేజర్‌తో సహా 30 మంది మీద ఛార్జిషీటు తయారుచేసింది. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం కింద కేంద్రం అనుమతిస్తేనే కేసు ముందుకు వెళ్తుంది. 2023లో కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసులో చర్యలు ముగించింది, అనుమతి వస్తే కొనసాగించుకోవచ్చంది. అంతే సంగతి.

చూశారు కదా. ఎనిమిదో తరగతి వాడైనా, దేశంలో మేటి కమాండో అయినా, మనం చచ్చాక జరిగేది ఒకటే. కాబట్టి ఎత్తూ ఛాతీ చదువూ గురించి జరిగే వాదన పక్కదారి. దేహానికి పెట్టే ప్రమాణం ఒకటుంది, అధికారానికి పెట్టాల్సిన ప్రమాణం ఒకటుంది. మొదటిదాన్ని అవసరాన్నిబట్టి పెంచుతూ దించుతూ ఉంటారు. రెండోదాన్ని ముట్టుకోరు.

ఆ బలగాల లోపల బతుకు కూడా బాగుందనుకోకండి. 2018 నుంచి 2022 దాకా అయిదేళ్లలో కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 654 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటరీ సంఘానికి చెప్పింది. అందులో 230 మంది సీఆర్పీఎఫ్ వాళ్లు. అదే కాలంలో 50,155 మంది ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. ఉద్యోగం కోసం మనూళ్లో ఆస్తులు తాకట్టు పెట్టి కోచింగ్‌కు వెళ్తున్న రోజుల్లో యాభై వేల మంది వదులుకున్నారంటే లోపల ఏముందో ఊహించుకోండి. 2017లో సరిహద్దు భద్రతా దళం జవాను ఒకడు మాడిన రొట్టె, నీళ్ల పప్పు చూపిస్తూ వీడియో పెడితే దేశమంతా చూసింది. కొన్ని నెలలకే అతన్ని కొలువు నుంచి తీసేశారు. సెలవు అడిగితే తిట్టు, తిండి బాలేదంటే శిక్ష, సారు ఇంట్లో కుక్కను తిప్పే పని. ఇలాంటి చోట పెరిగిన కుర్రాడు, తన మాటకు విలువ లేనిచోట నలిగిన కుర్రాడు, రేపు మన గూడెంలో ముసలమ్మ మాటకు విలువిస్తాడా?

సీఆర్పీఎఫ్‌కు అధిపతిగా వచ్చేది ఐపీఎస్ అధికారి. బలగంలోనే పుట్టి పెరిగిన అసిస్టెంట్ కమాండెంట్ ఏళ్లకేళ్లు ప్రమోషన్ కోసం కాచుకుంటాడు. ఐజీ స్థాయి దాకా ఐపీఎస్ డెప్యుటేషన్ పోస్టులు రెండేళ్లలో క్రమంగా తగ్గించమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కేడర్ అధికారుల జీతం, హోదా కోసం వేసింది, మన గురించి కాదు. అయినా మనకు ఒక సంగతి అందులో ఉంది. రెండు మూడేళ్లు బస్తర్‌లో ఉండి, తర్వాత ఢిల్లీకో మరో రాష్ట్రానికో వెళ్లిపోయే అధికారికి ఎడెస్మెట్ట ఒక ఫైలు. ఆ ఊరి పక్కనే రేపూ ఎల్లుండీ బతకాల్సిన డీఆర్జీ కుర్రాడికి అది బతుకంతా వెంటాడే సంగతి.

అవతలివాళ్లు తప్పులు చెయ్యలేదా అని కామెంట్లో అడగబోతున్నారు, తెలుసు. చేశారు. ఇన్‌ఫార్మర్ అని పేరుపెట్టి ఆదివాసీలనే చంపారు, పిల్లల చేతికి తుపాకులిచ్చారు, బళ్లు పేల్చారు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో 76 మంది జవాన్లను చంపారు. దానిమీద విచారణ జరిపినప్పుడు బలగాల నాయకత్వంలోనూ లోపాలు బయటపడ్డాయి, కొందరు అధికారులను బదిలీ చేశారు. అంటే 76 మంది జవాన్లు పోయినా పైవాడికి పడేది బదిలీ! ఇక 8 మంది కోయలు పోతే ఏం పడుతుంది? రాజ్యాంగం మీద ప్రమాణం చేసి తుపాకీ పట్టినవాడిని రాజ్యాంగంతోనే కొలుస్తాం. అవతలివాడితో పోల్చి మార్కులు వెయ్యం.

కాబట్టి సెలక్షన్లకు వెళ్తున్న మన తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఆపమని నేను చెప్పడం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి. మరో కొలువు చూపించలేని మనం వద్దనే హక్కు ఎక్కడిది? అడగాల్సింది ప్రభుత్వాన్ని. సార్కెగూడ, ఎడెస్మెట్ట నివేదికల మీద ఎవరెవరిపై ఏం చర్య తీసుకున్నారో హోదాలతో సహా బయట పెట్టమనాలి. కేసు నడపడానికి అనుమతి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కారణం రాసి చనిపోయినవాళ్ల ఇళ్లకు పంపమనాలి. లొంగిపోయినవాళ్లను మళ్లీ తుపాకీతో అడవిలోకి పంపొద్దనాలి. కిందివాడు చేసిన తప్పు పైవాడికి తెలిసీ ఆపకపోతే, తెలుసుకోవాల్సి ఉండీ తెలుసుకోకపోతే, అది పైవాడి నేరమే అని చట్టంలో రాయమనాలి. ఎత్తులో పది సెంటీమీటర్లు సడలించగలిగినవాళ్లు, గోండీ, కోయ మాట్లాడే ఆదివాసీని ఆ బస్తరియా బెటాలియన్ కమాండెంట్ కుర్చీదాకా తీసుకెళ్లే దారి ఎందుకు వెయ్యలేదో కూడా అడగాలి.

ఒకటి మిగిలింది. 2026 మార్చి 31 లోగా మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. యుద్ధం అయిపోయిందని ప్రకటించాక ఈ వేలమంది ఆదివాసీ కుర్రాళ్లు ఎక్కడికి వెళ్తారు? చాలామంది ఇప్పటికే సొంత ఊరికి పోలేక పోలీస్ లైన్ల పక్కన ఉంటున్నారు. పగలు మోసుకుని, తుపాకీ ఒప్పజెప్పి, ఏ ఊరు వీళ్లను రానిస్తుంది? 2011 తీర్పులోనే కోర్టు ఈ భయం రాసింది.

ఏజెన్సీలో ఉన్నవాళ్లయితే మీ ఎమ్మెల్యే, ఎంపీ ఎస్టీ రిజర్వుడు సీటు నుంచే గెలిచి ఉంటారు. ఈ ప్రశ్నలు రాసుకుని గ్రామసభలో చదవండి, వాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జవాబు వస్తే ఈ పేజీకి ఫొటో తీసి పెట్టండి, ఒక్క అక్షరం మార్చకుండా వేస్తాం.